పరుపుబండ మీదికి కుర్చీలొచ్చిన ఏడు

పదివేల మంది కళ్లముందు ఆ ముసలాయన తన భజన తాళాలు తీసి నా చేతుల్లో పెట్టాడు. నాకప్పుడు ఇరవై ఏళ్లు. ఆయన చేతిలోంచి నా చేతిలోకి తాళాలు మారుతున్నప్పుడు పాట వెంట్రుకవాసి కూడా తెగలేదు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఎడ్లు నెమరు ఆపి విన్నాయి.

పోయినేడు మా పాటల పండుగలో నన్ను స్టేజీ ఎక్కించి, శాలువా కప్పి, మైకు చేతికిచ్చి ఏదైనా చెప్పమంటే ఈ ముక్కలే చెప్పాను. చప్పట్లు మోగిపోయాయి. ఆ మోతకే నాకు అరికాలి నుంచి మండుకొచ్చింది. ఇంటికొచ్చి శాలువా దండెం మీద పడేసి, కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఎందుకు మండిందో రాస్తాను. మధ్యలో కొంత పెంచి చెబితే ఏమీ అనుకోకండి, అది నాకు పుట్టుకతో వచ్చిన గుణం. కాసేపటికి నేనే ఒప్పుకుంటాను, అదీ పుట్టుకతో వచ్చిందే.

ముందు ఆ పదివేల సంగతి తేల్చేస్తాను. ఆ బండ మీద పదివేల మంది పట్టరు. ఆరేడు వందల మంది ఉంటారేమో. ఎడ్లను కూడా కలిపితే ఎనిమిది వందలు.

బండంటే మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమ నేల మీద పరుపు పరిచినట్టు ఉండే రాయి. పరుపుబండ అనేవాళ్లం. పడమటి అంచున మేడ్చల్ వైపు రైతులు, తూర్పు అంచున శామీర్‌పేట వైపు రైతులు జొన్న కంకులు తెచ్చి పోసేవాళ్లు. కొట్టుకోవడం, తూర్పారబట్టుకోవడం, ఆరబోసుకోవడం అన్నీ అక్కడే. అన్నాళ్లూ కాపలా ఉండాలి. మా తాత చెప్పిన ప్రకారం, అటువాళ్లు మేలుకుని మన రాశి మీదికి వస్తారేమోనని ఇటువాళ్లకు అనుమానం. ఇటువాళ్ల మీద అటువాళ్లకూ అదే. అందుకని ఇటు నుంచి ఒకడు ఒక ప్రశ్న పాడితే, అటు నుంచి ఒకడు జవాబు పాడాలి. జవాబు వచ్చినంతసేపూ వాళ్లు వాళ్ల చోటే ఉన్నట్టు లెక్క. మా పాటల పండుగ భక్తితో మొదలు కాలేదు, అనుమానంతో మొదలైంది. ఈ మాట స్టేజీ మీద చెప్పబోతే మైకు లాక్కున్నారు.

మా తాత కాలంలో కల్లం వాళ్లు తప్ప వేరేవాళ్లు లేరు. మా నాయిన కాలానికి చుట్టాలు బండ్లు కట్టుకుని, జొన్నరొట్టెలు మూటగట్టుకుని రావడం మొదలుపెట్టారు. కల్లం పని ముగిశాక, బండ ఊడ్చి, మూడు రోజుల పాట. తత్వాలు పాడేవాళ్లు, భజనలు పాడేవాళ్లు, పీర్ల పండుగ పాటలు పాడేవాళ్లు, ఎవరికి ఏది వస్తే అది. శామీర్‌పేట వైపు తురకల ఇళ్లు ఎక్కువ, మేడ్చల్ వైపు మా ఇళ్లు ఎక్కువ. పాటలో మాత్రం ఎవరి ప్రశ్నకు ఎవరు జవాబిచ్చారో ఎవరూ చూసేవాళ్లు కాదు. చూడాల్సింది ఒక్కటే, మొదటి రోజు పొద్దు పొడుపు నుంచి మూడో రోజు పొద్దు గూకే దాకా పాట తెగకూడదు.

దానికి కొన్ని కట్టుబాట్లు ఉండేవి. చెప్పులు బండ కిందే. రెండు వైపుల వాళ్లూ ఎదురెదురుగా కూర్చోవాలి. బండ మీదికి వచ్చినవాడు పాడాలి. గొంతు లేనివాడు చివరి మాటైనా అందుకోవాలి. ఊరకే వినేవాడికి బండ మీద చోటు లేదు. కడుపుతో ఉన్న ఆడవాళ్లు, చంటిపిల్లల తల్లులు కూడా మూలుగుతూ జవాబు కలిపేవాళ్లు. ఇక దరువు. వేరే ఊళ్ల భజనల్లో చప్పట్లు కొడతారని నాకు తెలుసు. మా బండ మీద చప్పట్లు లేవు. అరచేతులతో బండను తట్టేవాళ్లం. చప్పట్లు మాకు చేలో పని. మంచె ఎక్కి, కంకుల మీద వాలిన చిలకల్ని, పిచ్చికల్ని తోలడానికి కొట్టేవి చప్పట్లు. ఆ చప్పుడు వింటే మా పిల్లలకు కూడా ఎవరినో పొమ్మంటున్నారనే అర్థం.

పాట ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకు మారే పద్ధతి అన్నిటికన్నా ముఖ్యం. ఇచ్చే పెద్ద తన చివరి ప్రశ్న మూడుసార్లు పాడతాడు. మూడోసారికి తీసుకునేవాడు చేతులు చాపి, జవాబు ఎత్తుకోవాలి. ఆ గొంతు నిలదొక్కుకున్నాకే తాళాలు చేతిలో పడతాయి. చేతులు ఖాళీగా ఉండాలి, నోరు ఖాళీగా ఉండకూడదు. ఇది మా నాయిన నాకు ఆరేళ్లప్పటి నుంచి చెప్పిన మాట.

తాళాలు ఇచ్చిన ముసలాయన శామీర్‌పేట వైపు రైతు. మేమందరం చాచా అనేవాళ్లం. రెండెకరాల జొన్న చేను, ఒక మంచె, తెల్ల గడ్డం, మెడలో ఎర్ర తువాల. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాడు, చేలో తెలుగు మాట్లాడేవాడు, పాటలో రెండూ కలిపేసేవాడు. నలభై ఏళ్లుగా మూడో రోజు మధ్యాహ్నం జట్టు ఆయనదే. ఆయన పాట ఒకటి ఉండేది. ‘పొలమెవరిదిరా?’ అని ఆయన అడిగితే ‘పొద్దుకెరుక’ అని అందరూ అనాలి. ‘గింజెవరిదిరా?’ అంటే ‘పిట్టకెరుక’ అనాలి. ఇంతే పాట. దీన్ని ఆయన ఒక జాము సేపు పాడేవాడు. వేరేవాళ్లు పాడితే రెండు నిమిషాల్లో నీరసం వస్తుంది. నేను పాడి చూశాను కాబట్టి చెబుతున్నాను.

రెండో ప్రపంచయుద్ధం రోజులు. నేను అల్వాల్‌లో ఒక సైకిల్ దుకాణంలో పని చేస్తున్నాను. పక్కనే లష్కర్, దొరల దండున్న పట్నం, ఎటు చూసినా సోల్జర్లు. వాళ్ల సైకిళ్లకు పంక్చర్లు వేసి, రెండు ఇంగ్లిష్ తిట్లు నేర్చుకుని, నేనొక దొరననుకునేవాణ్ణి. ఒకసారి దండులో పెద్ద డేరా వేసి ఆటపాటలు పెట్టారు. గుడ్డ పక్కకు జరిపి చూశాను. ఒక లావుపాటి సోల్జర్ గొంతు చించుకుని పాడాడు. మేక గొంతు అంతకంటే నయం. అయినా అయిపోగానే అందరూ కుర్చీల్లోంచి వంగి వంగి చప్పట్లు కొట్టారు. నాకు భలే అనిపించింది. ఊరికొచ్చి మా చెల్లెళ్లకు చేసి చూపిస్తే పడి పడి నవ్వారు. ‘అన్నా, పిట్టలెక్కడ?’ అని అడిగింది చిన్నది.

ఆ ఏడే చాచా మా నాయినతో అన్నాడు, ఈసారి తాళాలు నాకిస్తానని. ఆయనకు కొడుకులు లేరు. శామీర్‌పేట వైపు పిల్లల్లో ఆ పాట మీద మనసు పెట్టినవాడు లేడట. ‘నీ కొడుకు లుచ్చా గాడే గని గొంతు సచ్చా ఉన్నది’ అన్నాడట, అంటే నికార్సైన గొంతని. ఈ మాట కూడా నేను స్టేజీ మీద సగమే చెప్పాను. ఏ సగమో మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఆ తాళాల కోసం నేనెంత తపించానో చెప్పలేను. ఆరు నెలలు పంక్చర్ నీళ్ల తొట్టి మీద వేళ్లతో దరువేసుకున్నాను. దుకాణం సేటు రెండుసార్లు చెంప మీద కొట్టాడు. ఏడుసార్లు అని పిల్లలకు చెబుతాను, రెండుసార్లే.

ఆ ఏడు మా పటేలు కొడుకు పట్నంలో చదువు ముగించుకుని వచ్చాడు. బండ మీది పాట ‘వెలుగులోకి’ రావాలన్నాడు. పొద్దు పొడుపు నుంచి పొద్దు గూకే దాకా ఎండలో పాడేవాళ్లకు ఇంకా ఏ వెలుగు కావాలో నాకు ఈనాటికీ తెలియదు. పండుగకు నాలుగు రోజుల ముందు మా ఇంటికి వచ్చాడు.

“కాకా, ఈసారి లష్కర్‌కెల్లి పెద్దపెద్దోళ్లు రైల్ల వస్తుండ్రు. మేడ్చల్ టేషన్ల దిగుతరు. బండ్లు పంపుతున్న. కిందనే కూసోమంటే బాగుండది గద, కుర్చీలు తెప్పిస్తున్న.”

నాయిన మోటకు తాడు పేనుతున్నాడు. తల ఎత్తలేదు. “పెద్దపెద్దోళ్లు కుర్చీల్ల కూసుంటరు. మరి మేమేంది చిన్నపటేలా, సన్నసన్నోళ్లమా?”

“అట్ల గాదు కాకా. వాళ్లు ఇననీకె వస్తుండ్రు.”

“ఇననీకెనా? ఇని ఏం జేస్తరు?”

“ఏం జేస్తరు, ఇంటరు. గంతే.”

“పాడరా?”

“మనం పాడుతం గద, వాళ్లెందుకు పాడుతరు?”

నాయిన తాడు కింద పెట్టాడు. “అంటే, దావత్‌కు పిలిస్తే వచ్చి, తినకుండ, తినేటోళ్ల మూతులు చూసుకుంట కూసుంటరన్నట్టు.”

పటేలు కొడుకు నవ్వి వెళ్లిపోయాడు. నాయిన నావైపు తిరిగి, “నువ్వు లష్కర్ల తిరుగుతవ్ గద, నిజంగ గట్ల కూసుంటరార మనుషులు?” అని అడిగాడు. కూర్చుంటారని చెప్పాను. అలా కూర్చోవడం నాకు గొప్పగా తోస్తుందని మాత్రం చెప్పలేదు.

మూడో రోజు మధ్యాహ్నానికి వాళ్లు వచ్చారు. తెల్ల ప్యాంట్లు, ఇస్త్రీ షేర్వానీలు, కళ్లద్దాలు, టిఫిన్ క్యారియర్లు. బూట్లు విప్పమని మా నాయిన చెయ్యి అడ్డం పెడితే ఒకాయన బండ వేడిగా ఉందన్నాడు. పటేలు కొడుకు నాయిన చెయ్యి పట్టుకుని పక్కకు తప్పించాడు. మూడు తరాల్లో మొదటిసారి పరుపుబండ మీద బూట్ల చప్పుడు వినబడింది. నాకిప్పటికీ ఆ చప్పుడు గుర్తొస్తే పళ్లు నూరాలనిపిస్తుంది. నూరడానికి ఇప్పుడు పళ్లు లేవు, అది వేరే సంగతి.

కుర్చీలు ఎక్కడ వేయాలి? రెండు వైపులా జనం ఎదురెదురుగా కూర్చున్నారు. నడుమ ఖాళీ జాగా పాట తిరగడానికి వదిలిపెట్టింది. పటేలు కొడుకు సరిగ్గా అక్కడ వేయించాడు. మేడ్చల్ వాళ్లకు శామీర్‌పేట వాళ్లు కనబడకుండా నాలుగు వరసల కుర్చీలు. బండకు వాలు ఉంటుందని పట్నం కుర్చీలకు ఏం తెలుసు? ఒక లావుపాటి వకీలు కూర్చోగానే కుర్చీ ఆయనతో సహా మెల్లగా తూర్పు దిక్కుకు జారింది. శామీర్‌పేట ఆడవాళ్లు నవ్వు ఆపుకోలేక జవాబులో తప్పారు. ఆయన కుర్చీ కాళ్ల కింద ఎవరో జొన్న చొప్ప పెట్టారు. వాళ్లకు చొప్ప పనికొచ్చింది అంతవరకే.

ఇదంతా ఒక ఎత్తు, మైకు ఒక ఎత్తు. బ్యాటరీ పెట్టి పాడించే మైకు. కర్ర పాతడానికి బండకు సందు లేక, రాళ్లు పేర్చి నిలబెట్టారు. చాచా జట్టు మొదలవబోతోంది. ఆయన ఆ ఇనుప ముద్దను చాలాసేపు చూసి, నన్ను దగ్గరికి పిలిచాడు.

“ఏంది బేటా గిది?”

“మైకు చాచా. నువ్వు పాడితే మస్తు దూరం ఇనిపిస్తది.”

“ఎంత దూరం?”

“చెరువు కట్ట దాక.”

“కట్ట మీద ఎవలున్నరు?”

“గిప్పుడు ఎవలు లేరు చాచా, అందరు ఈడనే ఉన్నరు గద.”

“మరి నేను అడిగితే ఇది జవాబు చెప్తదా?”

“చెప్పదు.”

చాచా గడ్డంతో కుర్చీల వైపు చూపించాడు. “అట్లయితే ఇది గూడ వాళ్ల మనిషే.”

పాట మొదలైంది. పాపం, మొదట్లో బాగానే సాగింది. ‘పొలమెవరిదిరా?’ అని చాచా అడిగితే రెండు వైపుల నుంచీ ‘పొద్దుకెరుక’ అని వచ్చింది. నడుమ కుర్చీల నుంచి మాత్రం ఏమీ రాలేదు. పాట వచ్చి వచ్చి ఆ నాలుగు వరసల దగ్గర గుంతలో పడ్డట్టు పడేది. మళ్లీ లేపి అవతలికి దాటించాలి. చాచా అది గమనించాడు. ప్రతి ప్రశ్నా కుర్చీల కేసి తిరిగి అడగడం మొదలుపెట్టాడు. నవ్వుతూ అడిగాడు, కళ్లతో అడిగాడు, చెయ్యి చాపి అడిగాడు. వాళ్లు తలలూపారు. ఒకాయన కళ్లు మూసుకుని, చూపుడు వేలు గాలిలో తిప్పాడు. వేలు తిప్పితే జవాబవుతుందా? ఊళ్లో ఎవడైనా మంచినీళ్లు అడిగితే వేలు తిప్పుతారా? ఒక ముసలివాడు తమను ఏదో అడుగుతున్నాడని, జవాబు చెప్పాలని వాళ్లలో ఒక్కడికీ తట్టలేదు. తమకోసం ఏదో చేస్తున్నాడనుకున్నారు. దాని మీదే నా కోపం. వాళ్ల కుర్చీల మీద కాదు, బూట్ల మీద కూడా కాదు. ఆ తలలూపడం మీద.

చివరికి వచ్చింది. చాచా నావైపు తిరిగాడు. నేను ఆయన మోకాలి ముందు కూర్చున్నాను. ‘గింజెవరిదిరా?’ అని ఒకసారి అడిగాడు. రెండోసారి అడిగాడు. గొంతు ఎంత సన్నగా పోయిందంటే దారం సూదిలోకి దూరినట్టు పోయింది. మూడోసారి అడిగాడు.

చప్పట్లు.

కుర్చీల వరసలన్నీ ఒక్కసారిగా. మొదలుపెట్టిందెవరో, ముందు వరసో వెనక వరసో, ఆ గందరగోళంలో తెలియలేదు. షేర్వానీలు, కళ్లద్దాలు, వకీలు, పటేలు కొడుకు, అందరూ చేతులు విరిగేలా కొట్టారు. మైకు ఆ మోతను పట్టుకుని కుయ్యిమంది. బండ కింద కట్టేసిన ఎడ్లు బెదిరి లేచాయి.

చాచా నోరు తెరుచుకునే ఉంది. కాని పాట లేదు. ఆయన చుట్టూ చూశాడు. పిట్టలేమైనా వాలాయేమోనని ఆకాశం కేసి చూశాడు. నిజంగానే చూశాడు, ఇది నేను పెంచడం లేదు. తర్వాత కుర్చీల కేసి చూశాడు. వాళ్లు ఇంకా కొడుతూనే ఉన్నారు, పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ. చాచా మొహంలోకి వచ్చిన సిగ్గు నేనింతవరకూ ఇంకెవరి మొహంలోనూ చూడలేదు. డెబ్బై ఏళ్లు మంచె మీద నిలబడి పిట్టల్ని తోలినవాణ్ణి, ఆయన పాటలోనే, ఆయన బండ మీదే, పిట్టను తోలినట్టు తోలారు. ఆయన తాళాలు నెమ్మదిగా బండ మీద పెట్టాడు. తువాల దులుపుకుని లేచాడు. ఆడవాళ్ల వరస పక్కనుంచి బండ దిగి, చెప్పులు కూడా మరిచిపోయి, తూర్పు బాట పట్టి నడిచి వెళ్లిపోయాడు.

అంటే తాళాలు నా చేతుల్లో పెట్టలేదన్నమాట. బండ మీద పెట్టాడు. నేను ఎత్తుకున్నాను. వెంటనే ఎత్తుకుని పాట అందుకున్నానని డెబ్బై ఏళ్లుగా చెబుతున్నాను. అందుకోలేదు. నా నోట మాట రాలేదు. ఎవరి నోటా రాలేదు. ఒక్క మా నాయిన అరచెయ్యి మాత్రం ఆగలేదు. తల వంచుకుని బండను తడుతూనే ఉన్నాడు, తట్టి తట్టి చెయ్యి ఎర్రబడింది. దరువు ఉంది కాబట్టి పాట తెగలేదని నేను వాదిస్తాను. తెగిందని నాయిన చచ్చేదాకా అన్నాడు.

ఆ దరువు మీద, ఎంతసేపటికో, శామీర్‌పేట ఆడవాళ్ల వరసలోంచి ఒక అమ్మాయి ‘పిట్టకెరుక’ అంది. పాడిందనలేను, అంది. గొంతులో ఏడుపు ఉంది. పక్కనున్న ముసలామె అందుకుంది. ఆ తర్వాత మెల్లగా తూర్పు అంచు, పడమటి అంచు. పొద్దు గూకే దాకా ఎలాగో ఈడ్చుకొచ్చాం. ఆ అమ్మాయి గొంతు ఎవరిదో వెదుక్కుంటూ నేను ఏడాది పాటు శామీర్‌పేటకు సైకిల్ తొక్కాను. ఆ తర్వాత తొక్కాల్సిన పని లేకుండా మా ఇంటికే తెచ్చుకున్నాను. ఇప్పుడు వంటింట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

మర్నాడు పొద్దున తాళాలు పట్టుకుని చాచా చేనుకు వెళ్లాను. అందరి జొన్నలూ కల్లానికి వచ్చినా, చెరువు కింద ఆయన ఆలస్యంగా వేసిన మడి ఒకటి ఇంకా నిలబడే ఉంది. మంచె మీద ఉన్నాడు. చేతిలో వడిసెల ఉంది కాని రాయి పెట్టలేదు.

“చాచా, తాళాలు తెచ్చిన.”

“ఏం తాళాలు?”

“నీయే.”

“నాయి గావు. బండ మీద పెట్టిన. బండయి.”

“చాచా, గది తోలుడు గాదు. నీకు తెల్వదు. లష్కర్ల గట్లనే జేస్తరు. పాట నచ్చితే చేతులు కొడ్తరు.”

“నచ్చితేనా?”

“ఆఁ. మస్తు నచ్చితేనే.”

అంతలో చిలకల గుంపు వచ్చి కంకుల మీద వాలింది. చాచా లేచి ‘ఫట్ ఫట్’మని రెండు చప్పట్లు కొట్టాడు. గుంపు మొత్తం లేచి చెరువు మీదికి పోయింది.

“చూసినవా?” అన్నాడు. “గీ చిలకలు నాకు నచ్చినయా?”

నేను తాళాలు పైకి అందించబోయాను.

“నచ్చితే నాతోని పాడాలె గద బేటా. నేను అడిగిన. మూడుసార్లు అడిగిన. గింజెవరిదిరా అని అడిగితే జవాబు చెప్పొద్దా? గంత పెద్ద పెద్ద మనుషులు, చదువుకున్నోళ్లు, ఒక్కనికి జవాబు రాలేదా?”

“వాళ్లకు తెల్వదు చాచా.”

“సరే, వాళ్లకు తెల్వదు. నీకు తెలుసు గద. నువ్వెందుకు చెప్పలె?”

“పరేషాన్ అయిన చాచా.”

చాచా నా మొహం చూడలేదు. నా చేతుల కేసి చూశాడు, చాలాసేపు. తర్వాత వడిసెలలో రాయి పెట్టుకుంటూ, “పో బేటా, జల్దీ పో. ఎండ ముదురుతాంది” అన్నాడు. తాళాలు తీసుకోలేదు.

మళ్లీ ఆయన బండ ఎక్కలేదు. మరుసటి ఏడు కుర్చీలు రెట్టింపు అయ్యాయి. కుర్చీల వాళ్లకు అడ్డం వస్తున్నారని శామీర్‌పేట ఆడవాళ్లను వెనక్కు జరిపారు. చాచా పాటను పట్నం నుంచి తెచ్చిన ఒకాయన పాడాడు. ప్రశ్నా ఆయనే పాడాడు, జవాబూ ఆయనే పాడుకున్నాడు. బ్రహ్మాండంగా పాడాడు. చప్పట్లు కొట్టారు. మా నాయిన సగంలో లేచి వచ్చి, ఎడ్లకు కుడితి కలుపుతూ కూర్చున్నాడు. ఆ తర్వాత రాజ్యమే అటూ ఇటూ అయింది, ఎవరిళ్లలో వాళ్లు తలుపులు వేసుకున్నారు. ఒకటి రెండేళ్లు బండ మీద జొన్నలే తప్ప పాట లేదు. తిరిగి మొదలైనప్పుడు తూర్పు వైపు, పడమటి వైపు అనేవే లేవు. ఒక చివర చెక్కల స్టేజీ కట్టి అందరినీ దానికి ఎదురుగా కూర్చోబెట్టారు. తాతల నాటి నుంచి ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ పాడినవాళ్లం, ఒకరి పెడతల ఒకరు చూసుకుంటూ కూర్చున్నాం. చాచా ఇంటి వైపు వాళ్లు నలుగురు వచ్చి, బండ కిందే నిలబడి, కాసేపు చూసి వెళ్లిపోయారు. ఎవరూ పొమ్మనలేదు. ఎవరూ రమ్మనలేదు కూడా.

ఇప్పుడు ఆ బండే లేదు. కంకర చేసి ఇళ్లకు పోశారు. పండుగ ప్లాట్లు చేసిన జాగాలో జరుగుతుంది, గాలి ఇటు తిరిగితే జవహర్‌నగర్ చెత్తగుట్టల కంపు ముక్కులు పగలగొడుతుంది. స్పీకర్లు ఇంటంత ఎత్తు. కుర్రాళ్లు వచ్చి ఫోన్లు పైకెత్తి నిలబడతారు. చేతుల్లో ఫోన్లున్నాయి కాబట్టి చప్పట్లు కూడా సరిగ్గా పడవు, కేకలేస్తారు. వాళ్లను తిట్టాలని కూర్చున్నాను, తిట్టలేకపోతున్నాను. వాళ్లను ఎవరు ఏమడిగారని? వాళ్లు పుట్టేసరికే ప్రశ్న పోయింది, జవాబు పోయింది, కుర్చీ ఒక్కటి మిగిలింది. నా తిట్లన్నీ ఆ నాలుగు వరసలకే. పాడే జనాన్ని చూసే జనంగా మార్చిన ఆ షేర్వానీలకు, ఆ వకీలుకు, ఆ పటేలు కొడుక్కి, మొట్టమొదట ఆ చప్పట్లు మొదలుపెట్టినవాడికి. వాడెవడో గాని, వాడి చేతులు...

ఇక్కడి దాకా రాసి మా ఆమెకు చదివి వినిపించాను. చిక్కుడుకాయలు ముందేసుకుని అంతా విన్నది. పదివేలు ఆరు వందలైనప్పుడు నవ్వింది. తన గొంతు సంగతి వచ్చినప్పుడు తల వంచుకుంది. చివరి ముక్క దగ్గర ఈనెలు తీయడం ఆపింది.

“మల్ల సదువు గది.”

మళ్లీ చదివాను.

“వాడెవడో తెల్వదా నీకు?”

“ఆ గందరగోళంల ఎట్ల తెలుస్తది? నాలుగు వరుసల జనం.”

“నాకు తెలుసు. నేను చాచా ఎన్కనే కూసున్న, నీకు ఎదురుంగ. కుర్చీలోళ్లు మొదలు కొట్టలె. వాళ్లు నిన్ను జూసి కొట్టిండ్రు. మూడోసారి అడగంగనే చేతులు చాపాల్సినోడివి, లష్కర్ షోకు జేసుకుంట ఫట్‌ఫట్‌మని సప్పట్లు గొట్టినవ్. నోరు తెరిచి జవాబు చెప్పలె. గా ముసలాయనను తోలింది నువ్వే. చాచాకు గూడ తెలుసు. గది గూడ రాయి.”